టాయిలెట్ గోడ మీది పుట్టినరోజులు

"ఈ పొద్దున ఐదూ ముప్ఫై ఒకటికి మీ పేరుతో ఆఫీసు కంప్యూటర్ తెరుచుకుంది. తెరిచిందెవరు?"

"నేనే."

"ఐదూ ముప్ఫై నాలుక్కి ఒక కంటైనర్ విడుదల కోడ్ చూశారు. ఆ కోడ్ ఎవరికిచ్చారు?"

"అది అడక్కండి."

"ఎందుకిచ్చారు?"

"అదీ అడక్కండి. పన్నెండున్నర దాకా ఆగండి. ఆ తర్వాత అన్నీ నేనే చెప్తాను."

కోరీ లాంగెరాక్ తన వంటింటి బల్ల దగ్గర నిటారుగా కూర్చుని ఉంది. యాభై ఆరేళ్ళ మనిషి. రోటర్‌డామ్ రేవులో సరుకు విడిపించే కంపెనీలో ఇరవై ఆరేళ్ళుగా గుమాస్తా. కిందటేడాది దొంగతనాల తర్వాత కొత్త నియమం పెట్టి, కోడ్‌లు ఆ ఆఫీసులో ఒక్క మనిషికే కనిపించేలా చేశారు. ఆ మనిషి కోరీయే. కోడ్ చేతిలో ఉన్న లారీకి రేవు గేటు తెరుచుకుంటుంది, క్రేన్ కంటైనర్‌ని తెచ్చి లారీమీద పెడుతుంది. మనిషి ముఖం ఎవరూ చూడరు.

ఆమెకి ఎదురుగా, ఈ ప్రశ్నలడుగుతున్న రేవు పోలీసు డిటెక్టివ్ హెస్టర్ వీర్స్మా కూర్చుంది. కిటికీకి ఆనుకుని, ఓడల్లోంచి కంటైనర్లు దించే టెర్మినల్ భద్రతాధికారి డీదరిక్ కోల్ నిలబడ్డాడు. హెస్టర్, కోల్ ఒకప్పుడు ఒకే గదిలో పనిచేశారు. ఆరేళ్ళ కిందట కోల్ రెట్టింపు జీతానికి టెర్మినల్లో చేరాడు. అప్పట్నుంచి ఎక్కడ కలిసినా, హెస్టర్‌కి పని నేర్పింది తనే అన్నట్టు మాట్లాడతాడు.

"పన్నెండున్నర దాకా దేనికి? సామాను సర్దుకోడానికా?" అన్నాడు కోల్. "చూడు హెస్టర్, ఆరూ పన్నెండుకి దొంగ లారీ గేటు దాటింది. ఏడూ పదిహేనుకి అసలు లారీ వచ్చింది. పెట్టె లేదు. ఏడున్నరకల్లా వీళ్ళ కంపెనీ స్క్రీన్లన్నీ నేను ఆపించేశాను. కోడ్ నేనే ఇచ్చానని ఈవిడ నోటితో ఒప్పుకుంటోంది. ఇంకేం కావాలి నీకు? పదకొండింటికి మా టెర్మినల్ ప్రకటన వెళ్తుంది. ఫలానా కంటైనర్ పోయింది, బాధ్యురాలు దొరికింది అని."

"ఫలానా కంటైనర్ అంటే ఏముంది అందులో?"

"ఇంట్లో పెంచే పిల్లుల దొడ్డికి పోసే ఇసుక. ఇరవై రెండు టన్నులు."

"మంగళవారం స్కాన్ చేశారు కదా దాన్ని?"

"చేశాం."

"ఏం దొరికింది?"

కోల్ గడ్డం గోక్కున్నాడు. "ఇసుక."

"శుభ్రంగా ఉందని తేలిన పెట్టెని, ఇంత కష్టపడి, పిల్లుల ఇసుక కోసం దొంగిలిస్తారా?"

"మా స్కానర్‌కి దొరకనిది అందులో ఏదో ఉంది."

"నీ స్కానర్ పనికిరాదని ప్రకటనలో రాస్తావా మరి?"

తలుపు మీద ఎవరో తట్టారు. వౌటర్ బ్లోమ్ తల లోపలికి పెట్టాడు. కోరీ ఆఫీసులోనే లారీలు ఏర్పాటు చేసే మనిషి, నలభై దాటాయి, ఇల్లు రెండు వీధుల అవతలే. సంగతి తెలిసి తొమ్మిదింటికే బిస్కట్ల పొట్లం పట్టుకుని తోడుగా వచ్చాడు. అప్పట్నుంచి ముందు గదిలో కూర్చుని ఉన్నాడు.

"కాఫీ ఎవరికైనా కావాలా? కోరీ, నువ్వేమైనా తిన్నావా?"

"వద్దు వౌటర్. నువ్వు వెళ్ళి పని చూసుకోరాదూ?"

"స్క్రీన్లు ఆపేశాక పనెక్కడుంది?" అతను కోల్ వైపు తిరిగాడు. "ఏ పెట్టె పోయిందో తేలిందా అండీ?"

"అది మీకనవసరం," అన్నాడు కోల్. "మీ ఆఫీసులో ఎవరికీ ఒక్క ముక్క చెప్పను. తలుపేసి వెళ్ళండి."

వౌటర్ తలుపేసి వెళ్ళాడు.

హెస్టర్ ఆ వంటింటిని ఇంకోసారి చూసింది. గిన్నెలన్నీ తోమి బోర్లించి ఉన్నాయి. స్టవ్ మీద పెద్ద గిన్నెలో బఠాణీ సూప్ కుదురుగా ఉడుకుతోంది. అరెస్టు కాబోయే మనిషి, అదీ ఒంటరిగా ఉండే మనిషి, అయిదుగురికి సరిపడా సూప్ వండుకోదు. మాట్లాడినంతసేపూ కోరీ కళ్ళు కోల్ మీద గాని తన మీద గాని లేవు, గోడ గడియారం మీద ఉన్నాయి. ఇప్పుడది పదీ ఇరవై ఎనిమిది చూపిస్తోంది.

"టాయిలెట్ ఎక్కడండీ?"

"నడవాలో. మెట్ల పక్కన."

నడవాలో మెట్ల దగ్గర హెస్టర్ ఒక్క క్షణం ఆగింది. పైకి చేర్చాల్సినవి మూడో మెట్టు మీద పెట్టి ఉన్నాయి, ప్రతి ఇంట్లో ఉన్నట్టే. మడతపెట్టిన వెచ్చటి దుప్పట్లు రెండు, దిండు గలీబు, ఆ పైన పెద్దవాళ్ళు వాడే డైపర్ల ప్యాకెట్ ఒకటి. కొత్తది, ఇంకా తెరవలేదు.

టాయిలెట్ ఇరుకుగా, నిమ్మ వాసనతో ఉంది. కూర్చుంటే ముక్కుకి ఎదురుగా పుట్టినరోజుల క్యాలెండర్. హెస్టర్ ఇంట్లోనూ అక్కడే ఉంటుంది, తన అక్క ఇంట్లోనూ అక్కడే, ఈ దేశంలో చాలా ఇళ్ళల్లో అంతే. ఏ వారమూ లేని, ఏ ఏడాదికైనా పనికొచ్చే క్యాలెండర్. మార్చి నెలలో కోరీ గుండ్రటి చేతివ్రాతతో నాలుగు పేర్లు. రెండో తేదీన 'పీటర్ బాబాయి' పేరు మీద సన్నటి గీత. పోయిన వాళ్ళ పేరు మీద గీత పెడతారు. హెస్టర్ వాళ్ళ నాన్న పోయి మూడేళ్ళయింది, ఆయన పేరు మీద గీత పెట్టడానికి ఇప్పటికీ ఆమెకి చెయ్యి రాలేదు. పదహారో తేదీ గడిలో 'అమ్మ, 1940'.

ఆమె తిరిగి వచ్చి కూర్చుంటూ మామూలుగా అంది. "సోమవారం మీ అమ్మగారి పుట్టినరోజన్నమాట. ముందుగా అభినందనలు."

సూప్ కలపడానికి తీసిన చెంచా కోరీ చేతిలోంచి నేల మీద పడింది. తీయడానికి ఆమె వంగలేదు.

"పదహారు కాదు," అంది చివరికి. "పద్నాలుగు. ఎల్లుండి శనివారం. ఆ క్యాలెండర్లో తప్పుంది."

"దిద్దలేదేం?"

"నాలుగేళ్ళ కింద పాతది చిరిగిపోతే పేర్లన్నీ ఇందులోకి ఎక్కించాను. గడి జారింది. కొట్టేసి సరిగా రాస్తానంటే అమ్మ ఊరుకోలేదు. నేను బతికుండగానే నా పేరు మీద గీత పెడతావుటే అని ఆ రోజంతా మాట్లాడలేదు నాతో. అలాగే ఉంచేశాను. అసలు తేదీ మా ఇంట్లో వాళ్ళందరికీ తెలుసు కదా."

"ఇప్పుడు మనం పుట్టినరోజుల గురించి మాట్లాడుకుంటున్నామా?" అన్నాడు కోల్. "పది ముప్ఫై ఆరు."

"నువ్వు కాసేపు నోరు మూసుకుంటే తొందరగా తేలుతుంది," అంది హెస్టర్. లేచి వెళ్ళి స్టవ్ మీది పొగ లాగే ఫ్యాన్ పూర్తి వేగంతో పెట్టింది. ఆ హోరులో ముందు గదికి మాట వినపడదు. తర్వాత కోరీ పక్క కుర్చీలోకి మారి కూర్చుంది.

"కోరీ గారూ, నేనడిగినదానికి మీరు బదులు చెప్పక్కర్లేదు, తప్పయితే తప్పని చెప్పండి చాలు. మెట్ల మీద మీ అమ్మగారి పక్కబట్టలున్నాయి. ఆవిడ ఇవాళ ఇక్కడికి వస్తున్నారు. తీసుకొచ్చేవాళ్ళు పన్నెండున్నరకి గాని చేరలేరు. ఆవిడ ఇప్పుడున్న చోటు నుంచి బయటపడేదాకా మీరు నోరు విప్పరు. ఎవరో ఆవిణ్ణి చూపించి మిమ్మల్ని బెదిరించారు."

ఫ్యాన్ హోరు. కోరీ లేచి, సొరుగులోని గిన్నెలు తుడిచే గుడ్డల అడుగు నుంచి ఒక కార్డు తీసి బల్ల మీద పెట్టింది.

పూలబొమ్మ వేసిన మామూలు అభినందనల కార్డు. లోపల ఒక ఫోటో అంటించి ఉంది. కింది అంతస్తు కిటికీ పక్కన, ఒళ్ళో అల్లికతో తెల్లజుట్టు ముసలావిడ. పక్కన అచ్చక్షరాల్లా నిలువుగా ఉన్న చేతివ్రాత. 'మార్చి 16న మీ అమ్మ బెప్ గారికి ఎనభై ఆరేళ్ళు నిండుతాయి. మీకు అభినందనలు. ఆ రోజు ఆవిడ కేకు తినాలంటే గురువారం ఐదున్నరకి, దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మామిడి గుజ్జు కంటైనర్ కోడ్ కింది నంబరుకి పంపండి. పోలీసులకి చెబితే మాకు తెలుస్తుంది.'

హెస్టర్ ఆ చేతివ్రాత మీద వేలు పెట్టింది. అయిదు నెలల్లో ఇలాంటి కార్డు ఇది ఆరోది. మిగతా అయిదుగురూ ఆమెకి కార్డు చూపించింది పని జరిగిపోయి, సరుకు దాటిపోయిన తర్వాతే. ఆ చేతివ్రాతకి ఒక ముఖం ఇప్పటిదాకా దొరకలేదు.

కోల్ మెల్లగా కిటికీ దగ్గర్నుంచి కదిలి వచ్చాడు. "మామిడి గుజ్జా? పోయింది పిల్లుల ఇసుక కదా?"

"అవును," అంది కోరీ. "నేను పంపింది ఇసుక కోడే. కోడ్ చూస్తే అంకెలు తప్ప ఏ పెట్టెదో తెలీదు. లారీవాడికి పెట్టె నంబరు చెప్పరు, క్రేన్ ఏది పెడితే అది తీసుకుపోతాడు. దాన్ని స్కాన్ చేశారు కాబట్టి శుభ్రంగా ఉందని తెలుసు. పోతే పిల్లులకి తప్ప ఎవరికీ నష్టం లేదనుకున్నాను."

"అంటే ఆ మామిడి గుజ్జు..."

"మీ యార్డులోనే ఉంది. ఏడో వరసలో. వెళ్ళి చూసుకోండి. అందులో ఏముందో నాకు తెలీదు గాని, మామిడి గుజ్జు కోసం ఎవరూ మా అమ్మ ఫోటో తీయరు." ఒక్కసారిగా ఆమె గొంతు లేచింది. "ఇరవై ఆరేళ్ళలో ఒక్క తప్పు పెట్టె నా చేతిమీదుగా బయటికి పోలేదు. ఇప్పుడు పోనిస్తానా? అలాగని అమ్మని వదులుకుంటానా? అమ్మ కోసం మా అన్నయ్య దూరాన గ్రోనింగెన్ నుంచి కారేసుకుని బయల్దేరాడు. ముందే తీసుకొచ్చేస్తే వాళ్ళకి అనుమానం వస్తుంది కదా. వాళ్ళు ఆ పెట్టె తెరిచేలోగా అమ్మ ఆ వృద్ధుల హోమ్‌లో ఉండకూడదు. నాకు కావలసింది అంతే."

కోల్ కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. ఒక్క నిమిషం కిందటి మనిషి కాదు. "పదకొండింటి ప్రకటనలో పెట్టె నంబరు, సరుకు పేరు అన్నీ రాశాను, అది చూస్తే వాళ్ళకి తెలిసిపోతుంది," అన్నాడు.

"ఇప్పుడు పది నలభై ఏడు," అంది హెస్టర్.

అతను ఫోన్ తీసి పెరటి తలుపు తెరుచుకుని బయటికి పరిగెత్తాడు. హెస్టర్ తన ఫోన్లో మాట్లాడింది. మాస్‌స్లౌస్ లోని ఆ హోమ్ కి ఇద్దరు ఆడ పోలీసులు, మామూలు బట్టల్లో, సొంత కారులో. అయిదు నిమిషాల్లో చేరతామన్నారు.

ఆ అయిదు నిమిషాల్లో హెస్టర్ ఒక్క ప్రశ్న మాత్రం అడిగింది. "మీ అమ్మగారు ఆ కిటికీ ఉన్న గదిలో ఎప్పట్నుంచి ఉంటున్నారు?"

"ఫిబ్రవరి పదహారున మారింది. అంతకు ముందు పై అంతస్తులో ఉండేది."

"ఆవిడ పుట్టినరోజు పదహారని ఈ కార్డు రాసిన వాడికి ఎవరో చెప్పారు. ఆ మనిషి మీ టాయిలెట్లో కూర్చున్న మనిషి. గది మారిన సంగతీ తెలుసు. ఫిబ్రవరి పదహారు తర్వాత ఈ ఇంటికి ఎవరొచ్చారు?"

కోరీ వేళ్ళు మడిచింది. "ఇరవై రెండున నా పుట్టినరోజు. అందరం ముందు గదిలో గుండ్రంగా కూర్చున్నాం. అన్నయ్య, వదిన. వాళ్ళకి అసలు తేదీ తెలుసు. పక్కింటి పెద్దావిడ వచ్చింది. అమ్మా ఆవిడా చిన్నప్పట్నుంచి స్నేహితులు, అమ్మ పుట్టినరోజు ఆవిడకి నాకంటే బాగా తెలుసు. ఆ తర్వాత..."

ఇద్దరూ ముందు గది గోడ వైపు చూశారు.

పెరట్లోంచి కోల్ వచ్చాడు. ముఖం చెమటతో తడిసి ఉంది. "ఆగింది. ప్రకటన వెళ్ళడానికి ఎనిమిది నిమిషాల ముందు. ఇసుక సంగతి నాకూ, గేటు దగ్గర ఇద్దరికీ తప్ప తెలీదు. ఆ ఇద్దరూ పొద్దున్నే నా కళ్ళెదుటే ఫోన్లు అప్పజెప్పారు."

"పొద్దుట్నుంచి నువ్వు చేసిన పనుల్లో మంచిది అదొక్కటే, డీదరిక్. నోరు కట్టుకోవడం."

"పొగుడుతున్నావా, తిడుతున్నావా?"

"రెండూ."

ఫోన్ మోగింది. హెస్టర్ విని, ఒక్కసారిగా లేచి నిలబడింది. "గదిలో లేరా? ఎప్పట్నుంచి? ఎవరితో వెళ్ళారు?"

కోరీ రెండు చేతులూ బల్ల అంచు పట్టుకున్నాయి.

"పది గంటలకి ఎవరో వచ్చి తీసుకెళ్ళారట. అంతస్తంతా వెతకండి. భోజనాల గది, తోట, లిఫ్టు, అన్నీ."

ఫోన్ పెట్టేయకుండా హెస్టర్ అలాగే చెవి దగ్గర పట్టుకుని నిలబడింది. సూప్ అడుగంటుతున్న వాసన వేసింది. కోల్ వెళ్ళి స్టవ్ ఆపాడు.

అప్పుడు ఫోన్లోంచి ఒక ముసలి గొంతు గదంతా వినిపించేంత గట్టిగా అరిచింది. "వదలండమ్మా నన్ను! ఇంకా పావుగంట ఉంది రోలర్లు విప్పడానికి! ఇలా సగం జుట్టుతో బయటికి రమ్మంటారా? ఎవరు మీరు అసలు?"

కోరీ ఫోన్ లాక్కుంది. "అమ్మా!"

"కోరీ నువ్వా? చూడవే, జుట్టు చుట్టే అమ్మాయి వచ్చి మంగలి గదికి తీసుకొస్తే ఎవరో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి నన్ను లాగుతున్నారు. శనివారం నా పుట్టినరోజు, జుట్టు చేయించుకోవద్దా?"

"వాళ్ళతో వెళ్ళు అమ్మా. రోలర్లతోనే వెళ్ళు. తలకి గుడ్డ చుట్టుకో."

"నీకు మతి పోయిందా?"

"పోయింది. వెళ్ళవే అమ్మా, నీకు దణ్ణం పెడతాను."

ఒక్క నిమిషం సణుగుడు. తర్వాత కారు తలుపు మూసుకున్న చప్పుడు. "బయల్దేరాం," అంది పోలీసు అమ్మాయి గొంతు. "అల్లిక సంచి మర్చిపోయామని వెనక్కి పంపించారు, అదీ తెచ్చాం." సమయం పదకొండూ ఆరు.

కోరీ ఫోన్ బల్ల మీద పెట్టి కళ్ళు తుడుచుకుంది. నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియదు. కోల్ జేబులోంచి రుమాలు తీసి ఇవ్వబోయి, అది శుభ్రంగా లేదని చూసి మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. హెస్టర్ పొద్దుట్నుంచి బిగబట్టిన భుజాలు దించింది.

"ఇప్పుడు కాఫీ పెట్టండి," అంది. "నలుగురికి."

కోరీయే ట్రే పట్టుకుని ముందు గదిలోకి వెళ్ళింది. వౌటర్ సోఫా అంచున కూర్చుని ఉన్నాడు, ఫోన్ మోకాలి మీద బోర్లించి. హెస్టర్ ఎదురుగా కూర్చుని ఒక బిస్కట్ తీసుకుంది.

"మంచి తోడు మీరు. శనివారం కూడా వస్తారుగా?"

"శనివారమా? ఏముంది?"

"కోరీ గారి అమ్మగారి పుట్టినరోజు."

"సోమవారం కదండీ అది? పదహారు..."

ఆ మాట సగంలోనే ఆగింది. కోరీ ట్రే జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది.

"పదహారని ప్రపంచం మొత్తం మీద ఒక్క చోటే రాసి ఉంది, వౌటర్."

అతను తలుపు వైపు చూశాడు. గుమ్మంలో కోల్ ఉన్నాడు. వౌటర్ పారిపోవడానికి ప్రయత్నించలేదు. చొక్కా లోపలి జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కార్డు తీసి, కాఫీ కప్పుల మధ్య పెట్టాడు. దాని మీద పూలబొమ్మ. లోపల ఫోటోలో ఈత కొలను గుమ్మం దగ్గర, తడి జుట్టుతో, మెడల్లో తువ్వాళ్ళతో ఇద్దరు కవల ఆడపిల్లలు.

"నాకూ వచ్చింది," అన్నాడు. "కోడ్‌లు నాకు కనపడవని చెప్పాను. ఒట్టు పెట్టాను. అయితే ఎవరికి కనపడతాయి అన్నారు. ఆ మనిషికి ఎవరున్నారు అన్నారు." అతను ఫోటోలోని పిల్లల్ని వేలితో తాకాడు. "నా పిల్లల్ని తప్పించడానికి... చెప్పేశాను కోరీ."

"పిల్లలు ఇప్పుడెక్కడ?" అడిగింది హెస్టర్.

"బడిలో."

ఎవరూ చెప్పకముందే కోల్ బడి పేరు కనుక్కుని ఫోన్ చేస్తున్నాడు. "ఇద్దరూనా? మీ కళ్ళతో చూస్తున్నారా? చూసి చెప్పండి, నేను లైన్లో ఉంటాను." ఆగాడు. "లెక్కల క్లాసులో ఉన్నారా. సరే. మా మనిషి వచ్చేదాకా తరగతి దాటనివ్వకండి." వౌటర్ వైపు తిరిగి తలూపాడు. "బాగున్నారు. ఒకమ్మాయి పెన్సిలు ఇంకో అమ్మాయి విరగ్గొట్టిందట, అదే గొడవ."

వౌటర్ రెండు చేతుల్లో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

కోరీ అతని ముందు నిలబడింది. కొడుతుందేమోనని హెస్టర్ అనుకుంది. కొట్టే హక్కూ ఉంది.

"తర్వాత ఏడుద్దువు గాని," అంది కోరీ. "నిన్నేం చెయ్యాలో కూడా తర్వాత చూద్దాం. ముందు ఆ పెట్టె ఎక్కడ దింపారో చెప్పు."

అతను ముక్కు తుడుచుకుని చెప్పాడు. ఆ దొంగ లారీ కూడా అతని చేతే ఏర్పాటు చేయించారు. నదికి దక్షిణాన ఖాళీ ట్రైలర్లు నిలిపే స్థలం, మూడో వరస చివర. పన్నెండున్నర దాకా ఎవరూ ముట్టుకోరు. వెనక ఎవరైనా పడ్డారేమో దూరం నుంచి చూసి, అప్పుడు నలుగురు వచ్చి తెరుస్తారు.

"ఆ నలుగురిలో ఎవరైనా తెలుసా మీకు?" అడిగింది హెస్టర్.

"ఒక్కడు. నన్ను కలిసినవాడు. పెట్టె తెరిచేటప్పుడు తను దగ్గరుండాలంటాడు, ఎవర్నీ నమ్మడు." వౌటర్ కోరీ వైపు గడ్డం చూపించాడు. "నా ఎదురుగా కూర్చునే రాశాడు కోరీకి పంపిన కార్డు. నిలువు నిలువుగా, బళ్ళో పిల్లాడిలా."

హెస్టర్ కోల్ వైపు చూసింది. కోల్ అప్పటికే కారు తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. పదకొండూ ఇరవై ఎనిమిది. అయిదు నెలల్లో మొదటిసారి, ఆ మనిషి వచ్చేసరికి వాళ్ళు ముందే అక్కడ ఉండబోతున్నారు.